కొమరం భీము

కాజీపేటనుండి బలార్షాకు పోవు రైలుమార్గమున బెల్లంపల్లి యను పట్టణము కలదు. అచ్చటి నేలలో బొగ్గు విస్తారముగా నున్నది. 1920వ దశకమున గనులు తెరచిన పిమ్మట పలుదిక్కులనుండి కార్మికులు వచ్చి చేరుటచే ఆ యూరు పెరిగి పట్టణమైనది. ఆ బొగ్గు మఱేమియు గాదు. కోట్ల సంవత్సరములకు పూర్వము పెరిగి, కూలి, మట్టిక్రింద అణగిపోయిన అడవియే. అట్టి బొగ్గుపొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు గోండ్వానా పొరలని పేరిడిరి. ఒకప్పుడు దక్షిణార్ధగోళమున ఒక్కటిగా నుండి, తరువాత విడిపోయిన మహాఖండమునకును గోండ్వానా యనియే పేరు. ఆ పేరు మధ్యభారతమున గోండులు నివసించు సీమనుండి వచ్చినది. దూరఖండముల శిలలకు సైతము తమ పేరు నిచ్చిన ఆ జాతివారు, తమ సీమలో తమ చేనికే పరాయివారైన కాలమొకటి వచ్చెను. ఆ కాలమున వారి పక్షమున నిలిచి ప్రాణము లర్పించినవాడు కొమరం భీము.

బెల్లంపల్లికి ఉత్తరమున ఆసిఫాబాదును, దానికి పడమటి దిక్కున కెరమెరి కొండలును ఉన్నవి. ఆ కొండలపై టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు దట్టముగా పెరుగును. వేసవి వచ్చునప్పటికి ఆకులు రాలి అడవి యెల్ల బోసిపోవును. తొలకరి జల్లులు పడినంతనే మరల పచ్చని వస్త్రము ధరించినట్లు కన్పట్టును. పెద్దవాగు మున్నగు వాగులు ఆ కొండలలో పుట్టి ప్రాణహితలో కలియుచున్నవి. ఈ ప్రదేశమున గోండులతోపాటు కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు తరతరములుగా నివసించుచున్నారు. గోండులు తమ్ము కోయతూరులని పిలుచుకొందురు. వారి భాష గోండి. అది తెలుగువలెనే ద్రావిడభాషలలో నొకటి. వారి వంశములకథలను, దేవతలకథలను పర్ధానులు కింగ్రీ యను తంత్రీవాద్యమును వాయించుచు గానము చేయుదురు. దీపావళి కాలమున నెమలియీకల కిరీటములు ధరించి గుస్సాడీ నృత్యము చేయుదురు. పుష్యమాసపు టమావాస్యనాడు కేస్లాపురమున నాగోబా జాతర జరుగును.

గోండు రాజులు చాందా రాజధానిగా చిరకాలము రాజ్యము చేసిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఆ రాజ్యము మరాఠుల వశమయ్యెను. పిమ్మట ప్రాణహితకు ఈవలి భాగము నిజాము ఏలుబడిలోనికి వచ్చెను. రాజులు మాఱినను కొండలలోని పల్లెలకు అంతగా మార్పు రాలేదు. పల్లెపెద్దయైన పటేలు మాటపై ఊరు నడచుచుండెను. మెట్టపైనున్న తేలికనేలలో వానపంటను, లోయలోని నల్లరేగడిలో చలిపంటయగు జొన్నను పండించుకొనెడివారు. తేలికనేల కొలది యేండ్లకే సారము కోల్పోవును. అప్పుడు దానిని బీడుపెట్టి, మఱియొక తావున సాగు చేయుదురు. బీడులో మొదట గడ్డియు, తరువాత తుప్పలును, పిదప చెట్లును పెరిగి నేలకు మరల బలము వచ్చును. అప్పుడు తాత దున్నిన చేనికే మనుమడు తిరిగి వచ్చును. ఇది వారి కృషివిధానము. పువ్వుకొఱకును, గింజలనూనెకొఱకును ఇప్పచెట్టును పూజ్యముగా చూచుకొనుచు, దానిని నఱకక కాపాడుకొనెడివారు. భూమికి పట్టా యను కాగితము ఉండవలెనని వారి కెవ్వరును చెప్పలేదు.

ఇట్లుండగా హైదరాబాదు సంస్థానమున అడవుల విలువ పెరిగెను. రైలుపట్టాలక్రింద పఱచుటకును, గృహనిర్మాణమునకును కలప విశేషముగా కావలసి వచ్చెను. గుత్తేదారుల గొడ్డండ్లు టేకువనములను నేలమట్టము చేయుచుండుట చూచి ప్రభుత్వము అడవులను రక్షింపదలచెను. ఆ తలంపు మంచిదే. 1917 సంవత్సరమున అటవీచట్టము వెలువడెను. అధికారులు కొండలు తిరిగి, ఇంతవఱకు సర్కారు అడవి, ఇంతవఱకు ఊరి భూమి యని గీతలు గీచి, రాళ్లు పాతిరి. కాని ఆ గీతలు గీచినవారు లోపల బ్రతుకువారిని సంప్రదింపలేదు. బీడుపెట్టిన చేలలో చెట్లు మొలచియుండుటచే అవియును అడవిగానే లెక్కకు వచ్చినవి. నాడు సాగులోనున్న నాలుగు చెక్కలు మాత్రము ఊరికి మిగిలెను. వాని సారము తీరిపోగానే గోండు రైతు తన పాతచేనికి పోయి నాగలి పూన్చెను. అప్పుడది నేరమయ్యెను.

పశువులను మేపిన పుల్లరి కట్టవలెను. కట్టెలు తెచ్చిన పన్ను చెల్లింపవలెను. ఇంటిదూలమునకు ఒక మ్రాను కొట్టిన దండుగ ఇచ్చుకొనవలెను. చదువెఱుగని ఆ ప్రజలకు ఏది న్యాయమైన పన్నో, ఏది చౌకీదారు స్వంతమునకు అడుగు సొమ్మో తెలియదు. ఇంతలో బాటలును, రైలుమార్గమును ఏర్పడుటచే మైదానములనుండి వర్తకులును, భూస్వాములును వచ్చి, కచేరీలలో తమ పేర పట్టాలు వ్రాయించుకొనిరి. గోండులు తాము కొట్టి బాగుచేసిన నల్లరేగడి చేలలోనే కూలివాండ్రయిరి. అడవిని కాపాడుటకు పుట్టిన శాసనము అడవిలోని మనుష్యుని తరిమివేయుటకు సాధనమయ్యెను.

1901 ప్రాంతమున ఆసిఫాబాదు సమీపమునగల సంకెపల్లి యను చిన్న పల్లెలో కొమరం భీము జన్మించెను. తండ్రి పేరు చిన్ను. భీము పాఠశాలకు పోలేదు. ఆ కొండలలో నాడు పాఠశాల లేదు. పశువులను కాచుట, నాగలి పట్టుట, విల్లెక్కుపెట్టుట, చెట్టుచేమల గుణములను గుర్తెఱుగుట యివి యతని విద్యలు. పర్ధానులు పాడు పూర్వరాజుల కథలును అతని చెవిని పడియుండును. 1860 సంవత్సరమున నిర్మలయందు రాంజీ గోండును ఆంగ్లసైనికులు ఉరితీసిన వృత్తాంతము అప్పటికింకను పెద్దల నోట నిలిచియున్నది.

భీము యౌవనమునకు రాకమునుపే ఆ కుటుంబముపై పిడుగు పడెను. అడవి సిబ్బందితో జరిగిన ఘర్షణలో తండ్రి చిన్ను మరణించెను. దిక్కుమాలిన కుటుంబము సంకెపల్లిని విడిచి కెరమెరి వైపున సుర్దాపురమునకు చేరెను. అచ్చట అన్నదమ్ములు పొదలు కొట్టి, రాళ్లేరి, దున్ని, విత్తిరి. పంట చేతికి వచ్చు వేళకు ఆ భూమి తనదని కాగితము చేతబట్టుకొని యొకడు వచ్చెను. మాటకు మాట పెరిగెను. కోపావేశమున భీము కొట్టిన కఱ్ఱదెబ్బకు ఆ మనుష్యుడు ప్రాణము విడిచెనని ఆ సీమవారు చెప్పుకొందురు. ఒక ప్రాణము తీయుట సామాన్యమైన పని కాదు. ఆ దెబ్బ భీముని జీవితమును రెండుగా చీల్చెను. నాటిరాత్రియే అతడు ఇల్లు విడిచి, వార్ధానదికి ఆవలనున్న చాందా పట్టణమునకు పాఱిపోయెను.

చాందాలో భీమునకు ఒక ముద్రణాలయమున పని దొరకెనని జనశ్రుతి. అక్షరము నెఱుగని యువకుడు సీసపు అక్షరముల నడుమ బ్రతుకుట దైవఘటన వంటిది. అచ్చటనే చదువుట, వ్రాయుట కొంత నేర్చెను. హిందీ, ఉర్దూ భాషల పరిచయము కలిగెను. కాగితమున కెంత బలమున్నదో అతనికి బోధపడెను. తన చేను కాగితమువలననే పోయినది గదా! ముద్రణాలయమునకు చిక్కులు వచ్చి అది మూతపడగా, భీము మఱికొందఱు కూలీలతో కలిసి దూరదేశమైన అస్సామునకు తేయాకుతోటలలో పనికై పోయెను.

అస్సాము అడవి ఆసిఫాబాదు అడవివంటిది కాదు. అచ్చట సంవత్సరమున పెక్కు మాసములు వానలు కురియును. చెట్లు ఆకు రాల్చవు. ఎత్తయిన మ్రాకులపై తీగలు అల్లుకొని పగటివేళనే చీకటిగా నుండును. అట్టి వనములనే నఱికి, పందొమ్మిదవ శతాబ్దమునుండి తెల్లదొరలు తేయాకు నాటిరి. ఛోటానాగపూరునుండియు, మధ్యపరగణాలనుండియు, తెలుగు జిల్లాలనుండియు కూలీలను రప్పించిరి. ఒడంబడికపై వ్రేలిముద్ర వేసిన కూలి గడువు తీరువఱకు తోట విడిచి పోరాదు.

ఆ సీమ ఏనుగులకు పుట్టినిల్లు. అడవిలో స్వేచ్ఛగా తిరుగు మందలను డప్పులతో, దివిటీలతో బెదరించి, బలమైన దుంగలతో కట్టిన దొడ్డిలోనికి తోలి పట్టుకొనెడివారు. ఆ పద్ధతికి ఖెడ్డా యని పేరు. పట్టుబడిన ఏనుగును గొలుసులతో కట్టి, ఆకలితోను, అంకుశముతోను లొంగదీసి, దుంగలు లాగుటకును, మోడులు పెల్లగించుటకును నియోగించెడివారు. తాను పుట్టిన వనమును తానే నేలకూల్చవలసివచ్చుట ఆ మృగమున కబ్బిన దుర్గతి. కూలివాని గతియు దానికి దూరము కాదు. తన అడవిలో చోటు పోగొట్టుకొని వచ్చినవాడు పరుల అడవిని నఱికి పొట్టపోసికొనవలసి యుండెను.

భీము అస్సాములో నాలుగేండ్లకు పైగా గడపెనని చెప్పుదురు. అచ్చట కూలీలు తమ కష్టములకై కలిసి నిలుచుట అతడు చూచెను. మన్యమున అల్లూరి సీతారామరాజు అడవి ప్రజలను కూడగట్టి 1922 మొదలు 1924 వఱకు ఆంగ్లేయులతో పోరాడి అసువులు బాసిన వార్త అతనికి అచ్చటనే తెలిసెనని గోండుల నమ్మకము. తోటలోని అలజడిలో భీమును బంధింపగా, తప్పించుకొని రైలెక్కి స్వదేశమునకు మరలెను.

తిరిగి వచ్చిన భీము కాకన్‌ఘాటున లచ్చుపటేలు నాశ్రయించి వ్యవసాయము చేసెను. పటేలు భూమి తగవు కచేరికి పోయినప్పుడు భీము తనకు వచ్చిన కొలది చదువుతో అర్జీలు వ్రాయించి, సాక్ష్యములు సమకూర్చి తోడ్పడెను. కాగితమునకు కాగితముతోనే బదులు చెప్పవచ్చునని గోండులు తొలిసారిగా చూచిరి. భీమునకు పెండ్లియయ్యెను, భార్య సోంబాయి. ఆ దంపతులును, బంధువులును బాబేఝరి యను తావున కొండవాలున అడవి కొట్టి చేను చేసికొనిరి. దాని చుట్టుపట్టుల జోడేఘాటు, పట్నాపురము మొదలుగా పండ్రెండు గూడెములు వెలసెను.

అడవి అధికారులు ఆ గూడెములను ఒప్పుకొనలేదు. రాళ్లు పాతిన హద్దులోపల అవి యున్నవని, వెంటనే విడిచి పోవలెనని ఆజ్ఞాపించిరి. గోండులు కదలకుండుటచే వారి గుడిసెలకు నిప్పు పెట్టిరి. పండిన పంటను పాడుచేసిరి. భీము మొదట విల్లు పట్టలేదు. అర్జీలు పెట్టెను. కచేరీల మెట్లెక్కెను. హైదరాబాదునకు సైతము పోయి ప్రభువును దర్శింప ప్రయత్నించెను. దర్శనము లభింపలేదు. కొండనుండి రాజధానికి పోయిన మొర మరల కొండకే ప్రతిధ్వనివలె తిరిగి వచ్చెను. శాంతమార్గములన్నియు మూసికొనిపోయిన తరువాతనే అతడు ఆయుధమును గూర్చి ఆలోచించెను.

పండ్రెండు గూడెముల పెద్దలు ఒకచోట చేరి ఆలోచన చేసిరి. నీరు, అడవి, భూమి యను నీ మూటిపై అందు నివసించువారికే హక్కుండవలె నని నిశ్చయించుకొనిరి. జల్, జంగల్, జమీన్ అను పేర ఆ కోరిక నేటికిని దేశమంతట ప్రసిద్ధమై యున్నది. కుమ్రా సూరు మొదలగు యువకులు భీమునకు కుడిభుజమై నిలిచిరి. గోండులును, కొలాములును కలిసి దండు కట్టిరి. వారి ఆయుధములు విండ్లు, గొడ్డండ్లు, వడిసెలలు, కొలది నాటుతుపాకులు. వారి కోట జోడేఘాటు కొండ. పుల్లరికై వచ్చిన జవానులను వెనుకకు త్రిప్పిపంపిరి. సర్కారు బలగము వచ్చినప్పుడు కొండచఱియల మాటునుండి ఎదిరించి, అడవిలో కలిసిపోవుచుండిరి.

పోరు పెరుగుచుండగా అధికారులు రాయబారము నడిపిరనియు, పండ్రెండు గూడెముల భూములకు పట్టాలిత్తుమని చెప్పిరనియు, భీము దాని కంగీకరింపలేదనియు ఆ ప్రాంతపువారు చెప్పుదురు. ఆ తిరస్కారమును గూర్చి విద్యార్థులు నిదానించి ఆలోచింపవలెను. ఒప్పుకొనిన భీమునకు చేను దక్కును, ప్రాణము దక్కును, తన వెంటవచ్చినవారును బ్రతుకుదురు. ఒప్పుకొననిచో తుపాకులకు ఎదురు నిలువవలెను. కాని ఆ పండ్రెండింటి వెలుపల ఇట్టి గూడెములు ఎన్నియో కలవు. వానిపై అదే గీత, అదే పుల్లరి, అదే చౌకీదారు. తన చేనుమాత్రము గట్టెక్కించుకొని మిగిలినవారిని విడిచిపెట్టుట అతనికి సమ్మతము కాలేదు. నాయకుని నిర్ణయమునకు వెల అతడొక్కడే చెల్లింపడు. అతని నమ్మినవారును చెల్లింతురు. భీము ఆ భారమును తెలిసియే తలకెత్తుకొనెను.

1940 సంవత్సరమున ఆశ్వయుజమాసమున సాయుధబలగము ఆసిఫాబాదునుండి బయలుదేఱి జోడేఘాటును ముట్టడించెను. తనవారిలో నొకడే దారి చూపెనని గోండులు నేటికిని వగతురు. కొండపై నున్నవారు లొంగిపోలేదు. తుపాకులకును విండ్లకును జరిగిన పోరు ఎట్లు ముగియునో చెప్పనక్కఱలేదు. కొమరం భీమును, అతనితోపాటు పలువురు గోండు వీరులును గుండ్లకు గుఱియై నేలకొరగిరి. అప్పటి కతనికి నలువది యేండ్లు నిండలేదు.

భీము మరణముతో పోరు ముగిసెనే కాని, ప్రశ్న ముగియలేదు. అడవిలో అణగిమణగి యుండు గోండులు ప్రాణములకు తెగించి ఎందుకు తిరుగబడిరో ప్రభుత్వము తెలిసికొనవలసి వచ్చెను. ఆ కాలమున క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు హైదరాబాదు సంస్థానమున నుండెను. ఆయన 1909 సంవత్సరమున వియన్నా నగరమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధము రాగానే ఆంగ్లేయులు ఆయనను శత్రుదేశీయునిగా నెంచిరి. అయినను నిజాము ప్రభుత్వము ఆయనకు గిరిజనసీమలలో తిరిగి పరిశోధన చేయుట కనుమతి నొసగెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో కూడ వచ్చి, జైనూరు సమీపమునగల మార్లవాయి యను గోండు పల్లెలో గుడిసె వేసికొని నివసించెను. గోండి నేర్చెను. వారి పండుగలలో వారితో కూర్చుండెను. చేల హద్దులను, బీడుల చరిత్రను ఊరూర విచారించి, తప్పు తిరుగబడినవారిది మాత్రమే కాదనియు, బీడుచేలను అడవిగా లెక్కించిన విధానమునందును తప్పున్నదనియు ప్రభుత్వమునకు నివేదించెను.

ఆ నివేదికల ఫలితముగా గోండులకును, కొలాములకును పట్టాలు లభించెను. 1943 సంవత్సరమున మార్లవాయిలో ఉపాధ్యాయశిక్షణ కేంద్రము వెలసెను. గోండి భాషలో వాచకములు తయారయ్యెను. గోండు యువకులే ఉపాధ్యాయులై గూడెములకు పోయిరి. గిరిజనప్రాంతముల రక్షణకై 1946 సంవత్సరమున ప్రత్యేకశాసనము వచ్చెను. బెట్టీ ఎలిజబెత్తు 1987లో హైదరాబాదున మరణింపగా, ఆమె కోరిక మేరకు మార్లవాయిలో సమాధి చేసిరి. హైమెన్‌డార్ఫ్ 1995లో లండనున కాలధర్మము నొందెను. నేడు ఆ దంపతుల స్మారకములు ఆ పల్లెలో ప్రక్కప్రక్కనే యున్నవి. అడవికి అతిథిగా పోవువాడు ఎట్లు మెలగవలెనో ఆ రెండు స్మారకములు చెప్పుచున్నట్లుండును. భీము విల్లుతో అడిగినదానిలో కొంత, ఈ అతిథి లేఖినితో సాధించెను. ఆ విల్లు లేకున్న ఈ లేఖినికి పని కలిగెడిది కాదు.

స్వాతంత్ర్యానంతరము భీము కీర్తి కొండలు దాటెను. హైదరాబాదు ట్యాంకుబండుపై అతని విగ్రహము నిలిపిరి. పెద్దవాగుపై కట్టిన జలాశయమునకు అతని పేరు పెట్టిరి. 2016 సంవత్సరమున ఏర్పడిన జిల్లాకు కొమరం భీము ఆసిఫాబాదు జిల్లా యనియే నామకరణము చేసిరి. బెల్లంపల్లి అదే దినమున ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరెను. జోడేఘాటున స్మారకమును, గిరిజన వస్తుప్రదర్శనశాలయు కలవు. ప్రతి సంవత్సరము ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు అచ్చట చేరి తమ ఆచారము ప్రకారము భీమునకు నివాళి నర్పింతురు.

అతడు లేవదీసిన ప్రశ్న మాత్రము నేటికిని సజీవముగా నున్నది. అడవి తగ్గినకొలది వన్యమృగముల రక్షణ అత్యవసర మయ్యెను. బెల్లంపల్లికి పడమటనున్న కవ్వాల అభయారణ్యమును 2012 సంవత్సరమున పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. మహారాష్ట్రలోని తాడోబా అడవినుండి పులులు నదులు దాటి ఈ కొండలమీదుగా కవ్వాలకు రాకపోకలు సాగించుచున్నవి. పులి తిరుగు బాట తెగిపోయిన పులియు ఉండదు. పులి లేనిచోట జింకలు పెచ్చుపెరిగి మొలకలను మేసివేయుటచే అడవియు క్షీణించును. కనుక బాటను కాపాడుట అవసరమే.

మృగముల కష్టము మనుష్యుల కష్టముతో ఎట్లు పెనవేసికొన్నదో 2024 ఏప్రిలు నెలలో ఆ జిల్లావారికి తెలిసివచ్చెను. పొరుగు అడవులనుండి 2021లో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు అడవియేనుగుల మంద యొకటి వచ్చి చేరియుండెను. దానినుండి విడిపోయిన యేనుగొకటి ప్రాణహిత దాటి ఈవలి యొడ్డునకు వచ్చెను. ఏనుగు నడక నెఱుగని పల్లెలవి. తమ చేలలో పని చేసికొనుచున్న రైతు లిద్దఱు ఒక దినము వ్యవధిలో దాని బారినపడి మరణించిరి. పిమ్మట ఆ యేనుగు వచ్చినదారినే మరలిపోయెను. దారి తప్పిన మృగమును దూషించి ప్రయోజనము లేదు. చేనిలో నిలిచిన రైతును దూషించుట కంతకంటెను వీలు లేదు. ఇద్దఱికిని చోటు చాలునట్లు ముందుగా ఆలోచింపవలసిన బాధ్యత మిగిలినవారిది.

అందులకు చట్టము కొంత దారి చూపినది. 2006 సంవత్సరపు అటవీహక్కుల చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవిలో సాగు చేయుచున్న గిరిజన కుటుంబమునకు నాలుగు హెక్టారులకు మించకుండ హక్కు లభించును. మృగరక్షణకై ఊరిని తరలింపవలసి వచ్చినను గ్రామసభ ఇష్టపడి ఒప్పుకొనవలెను. నాడు బాబేఝరిలో ఎవ్వరును అడుగని ప్రశ్నను నేడు అడిగి తీరవలెనని చట్టమే విధించినది.

అయినను ఆ మాట మఱచుట సులభము. 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము తాడోబా, కవ్వాల అడవులను కలుపు పులుల బాటను, సుమారు 1,49,000 హెక్టారుల ప్రదేశమును, రక్షితక్షేత్రముగా ప్రకటించెను. దానికి కొమరం భీము పేరే పెట్టిరి. తమ సాగుకును, తమ రాకపోకలకును ఏమి ముప్పు వచ్చునో యని గిరిజనులు ఆందోళన చేసిరి. తమ భీముని పేర తమ చేలకు హద్దురాళ్లు పడునేమో యని వారు భయపడిరి. ప్రభుత్వము ఆ జూలైలో ఆ యుత్తరువును నిలిపివేసెను. పేరు పెట్టుట గౌరవమే. ఆ పేరుగలవాడు ఏమి కోరెనో జ్ఞప్తియందుంచుకొనుట అంతకంటె గొప్ప గౌరవము.

అడవి నిలువవలెను. పులి, ఏనుగు, రాబందు బ్రతుకవలెను. అడవిని నమ్ముకొనిన మనుష్యుడును బ్రతుకవలెను. ఈ మూటిని ఒకదానికొకటి శత్రువులుగా చేసిన పాలనలో బాబేఝరి గుడిసెలు కాలినవి. భీము అడవిని నఱికివేయుటకు అనుమతి కోరలేదు. తాతతండ్రులు ఇప్పచెట్టును కాచిన రీతినే అడవిని కాచుకొనుచు, అందు తలయెత్తుకొని బ్రతుకు హక్కును కోరెను.

నేడు జోడేఘాటునకు దూరప్రాంతములనుండి యాత్రికులు వచ్చుచున్నారు. వాహనములు కెరమెరి కనుమ ఎక్కి గూడెముల నడుమనుండి పోవును. అట్లు పోవువారు అడవి గుట్టు చెడకుండ మెల్లగా పోవలెను. చెత్త పాఱవేయరాదు. మృగములను బెదరింపరాదు, వానికి తిండి వేసి అలవాటు చేయరాదు. గూడెపువారి పండుగను వేడుకవస్తువుగా నెంచక, వారి యింటికి పిలువబడిన చుట్టమువలె చూడవలెను. కొండపై భీముని విగ్రహము ముందు తల వంచి, క్రిందికి చూచినచో లోయలో జొన్నచేలును, వాని వెనుక టేకువనమును, ఆ వనమునుండి వచ్చిన వాగును ఒక్కచూపులో కనబడును. ఆ మూటికొఱకే అతడచ్చట ఒరిగెను.